నర్సు రాసిన మందు

"ఫోన్ ఎత్తకు," అన్నాడు కెన్నీ.

వంటింటి గట్టు మీద పర్సిస్ ఫోన్ మళ్ళీ మోగుతోంది. తెర మీద నవోమి పేరు. చెయ్యి చాచబోయిన పర్సిస్, భర్త మొహం చూసి ఆగింది.

"ఎత్తకపోతే తప్పు నాదేనని ఒప్పుకున్నట్టు కాదూ?"

"ఎత్తి ఏం చెప్తావ్? మీ క్లినిక్ వాళ్ళు రివ్యూ చేస్తామన్నారు. అది క్లోజ్ అయ్యేదాకా పేషెంట్ ఫ్యామిలీతో ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. లాయర్‌ని అడిగినా అదే చెప్తాడు."

"నేను లాయర్‌ని అడగాలనుకోవట్లేదు. సుమతి ఆంటీకి ఎలా ఉందో అడగాలనుకుంటున్నాను."

ఫోన్ ఆగిపోయింది. పొయ్యి మీద ఉప్మా అడుగంటుతోంది. ఇద్దరికీ వాసన తెలుస్తూనే ఉంది, ఎవరూ స్టవ్ ఆపలేదు.

నిన్న సాయంత్రం ఇదే ఇంటి హాల్లో, సోఫా ముందు మోకాళ్ళ మీద ఉండగా నవోమి తల్లి సుమతి గారికి స్పృహ తప్పింది. తప్పి ఎంతసేపయిందో ఎవరికీ తెలియదు. అమెరికాలో ఈ క్యారీ ఊరి తెలుగు చర్చి వాళ్ళు ఏటా ఈ రోజుల్లో శుక్రవారం మొదలుపెట్టి ఆదివారం ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల దాకా ఉపవాసం ఉంటారు. పగలంతా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టరు, పొద్దుగూకాక ఇంత తింటారు. మొదటి రోజు ప్రార్థన పర్సిస్ ఇంట్లో జరిగింది. నడిపించింది ఆమె మామగారు దైవాశీర్వాదం మాస్టారు.

పర్సిస్ క్లినిక్ నుంచి వచ్చేసరికి హాలు నిండా జనం కళ్ళు మూసుకుని ఉన్నారు. సుమతి గారు సోఫాలో మొహం దాచుకుని ఉన్నారు. జాకెట్టు వీపంతా చెమటతో తడిసిపోయింది. ఎవరో పెద్దావిడ పర్సిస్ చెయ్యి పట్టుకుని ఆపింది.

"కదిలించకమ్మా, పరిశుద్ధాత్మలో ఉంది."

పర్సిస్ కదిలించింది. మెడ చల్లగా తగిలింది. బ్యాగులోంచి మీటర్ తీసి వేలికి గుచ్చి చూస్తే షుగర్ నలభైకి కిందే ఉంది. ఆమె ఒకచేత్తో సుమతి గారిని పక్కకి ఒరిగించి, ఇంకోచేత్తో అంబులెన్స్‌కి ఫోన్ చేస్తుంటే మాస్టారు కళ్ళు తెరవకుండా ఇంకా గొంతు పెంచి ప్రార్థించారు. అదంతా ఆత్మ చేస్తున్న పనే అనుకున్నారు పాపం.

తెల్లారేసరికి చర్చి వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవుల మధ్యన ఒక మాట దొర్లింది. నర్సు రాసిన మందు. ముందు ఎవరన్నారో గాని తర్వాత అందరూ అన్నారు.

పర్సిస్ చీరాలలో నర్సింగ్ చదివింది. ఈ దేశం వచ్చాక వార్డుల్లో పని చేస్తూనే పై చదువు చదివి నర్స్ ప్రాక్టీషనర్ అయింది. రోగిని చూస్తుంది, పరీక్షలు చేయిస్తుంది, మందు రాస్తుంది. ఈ రాష్ట్రంలో ఆ రాతకి వెనక ఒక డాక్టరు పేరు, ఆమెకైతే క్లినిక్‌లోని డాక్టర్ కార్వర్ పేరు, ఉండాలి, అంతే తేడా. నెలకోసారి ఆరాధన అయ్యాక కాఫీ బల్ల పక్కన కుర్చీ వేసుకుని పెద్దవాళ్ళకి బీపీ, షుగర్ చూసేది. అన్నం ఎంత తగ్గించాలో, పాదాలు ఎందుకు రోజూ చూసుకోవాలో ఓపిగ్గా చెప్పేది. బాగున్నన్నాళ్ళూ ఆమె చర్చి మొత్తానికి డాక్టరమ్మ. నిన్న రాత్రి నుంచి నర్సు.

"డాక్టర్ కార్వర్ ఇంకేమంది?" అని అడిగాడు కెన్నీ చివరికి స్టవ్ ఆపుతూ.

"ఫైల్లో తప్పేం కనిపించట్లేదంది. సోమవారం కూర్చుని మొత్తం చూద్దామంది. అప్పటిదాకా కొత్త ప్రిస్క్రిప్షన్లు రాయొద్దంది."

"అంటే సస్పెండ్ చేసినట్టా?"

"ఆ మాట అనలేదు. చాలా మర్యాదగా చెప్పింది."

ఆ మర్యాదే పర్సిస్‌కి ఎక్కువ గుచ్చుకుంది. తిట్టి ఉంటే ఏదో ఒక జవాబు చెప్పుకునేది.

"నేను రాసిన మాత్ర ఒక్కటే షుగర్‌ని ఇంత కిందకి లాగదు కెన్నీ. ఆంటీ ఉపవాసాలు ఉంటుందని తెలిసే అది రాశాను. ఉపవాసం ఉంటారా అని అడిగే డాక్టరు ఈ ఊళ్ళో ఎవరున్నారు చెప్పు? ఆ రోజుల్లో పొద్దున అది కూడా వద్దు, సాయంత్రం తిన్నాకే వేసుకోండి అని చెప్పాను. రెండుసార్లు తిరిగి చెప్పించుకున్నాను."

"చెప్పించుకున్నావు సరే. ఆవిడ గుర్తుపెట్టుకుందో లేదో."

"ఇంకేదో వేసుకుంది. నాకు తెలుస్తోంది. మామయ్యని ఒకసారి అడగాలి, నిన్న పొద్దుటి నుంచీ ఆవిడ ఇక్కడే ఉంది కదా."

కెన్నీ హాలు చివర మూసి ఉన్న తలుపు వైపు చూశాడు. మాస్టారు రాత్రి నుంచి ఆ గదిలోంచి బయటికి రాలేదు. లోపల్నుంచి అప్పుడప్పుడు దగ్గు వినిపిస్తోంది.

"నాన్న అసలే దెబ్బతిన్నాడు పర్సీ. ఆయన ప్రార్థన చేస్తుండగా పడిపోయిందావిడ. రేపు వాక్యం చెప్పాల్సింది కూడా ఆయనే. ఇప్పుడు ఆయన్ని కదిలించకు."

"నిన్న సుమతి ఆంటీని కూడా అలాగే కదిలించొద్దన్నారు."

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది.

నవోమి నిన్నటి బట్టల్లోనే ఉంది. స్వెట్టర్ మీద ఆసుపత్రి వాళ్ళు అంటించిన విజిటర్ స్టిక్కర్ అలాగే ఉంది. చేతిలో తల్లి మందుల సంచి, ఆకుపచ్చ గుడ్డది. వందనాలు చెప్పలేదు, చెప్పులు విప్పలేదు.

"ఫోన్ ఎందుకు ఎత్తట్లేదక్కా?"

"నేనే ఎత్తొద్దన్నాను నవోమీ," అన్నాడు కెన్నీ. "కూర్చో. అమ్మకెలా ఉంది?"

"నేను అక్కని అడుగుతున్నాను అన్నా."

పర్సిస్ ఎదురుగా వచ్చి నిలబడింది. "ఆంటీకెలా ఉంది?"

"రాత్రి మళ్ళీ పడిపోయింది షుగర్. గ్లూకోజ్ ఎక్కించారు, లేచింది. తెల్లవారుజామున మళ్ళీ పడిపోయింది. ఇప్పుడు బాగానే మాట్లాడుతోంది, కాఫీ అడిగింది. మధ్యాహ్నం ఇంటికి పంపించేస్తామన్నారు. వేసుకునే మందులన్నీ తెచ్చి చూపించమంటే ఇంటికెళ్ళి తెచ్చాను." నవోమి సంచిని డైనింగ్ టేబుల్ మీద బోర్లించింది. "చూడు. నువ్వు రాసిన సీసా ఒక్కటే ఉంది. వేరే మందు లేదు. ఉందా? చెప్పు."

సీసాతో పాటు తలనొప్పి బామ్, రెండు పిన్నీసులు, ఏలకులు, వాక్యం రాసిన చిన్న అట్టముక్క రాలాయి.

"మా అన్నయ్య మొదట్నుంచీ అంటూనే ఉన్నాడు, అమ్మని ఎండీ దగ్గరికి తీసుకెళ్ళమని. నేనే వినలేదు. మన అక్క, మన భాష, అమ్మకి అన్నీ విడమర్చి చెప్తుంది అనుకున్నాను. అమ్మ నిన్నెంత నమ్మిందో తెలుసా? పచ్చడి తినాలంటే కూడా పర్సిస్ తినమందా అని అడిగేది." నవోమి స్వెట్టర్ మీది స్టిక్కర్ పీకేసింది. "నిన్న అమ్మని స్ట్రెచర్ మీద పెడుతుంటే నాలిక బయటికి వచ్చేసింది. నేను చూశాను."

పర్సిస్‌కి ఏడుపు ముంచుకొచ్చింది. ఆ పిల్లని దగ్గరికి తీసుకుందామనుకుంది గాని, నవోమి నిలబడ్డ తీరు చూసి ధైర్యం చాలలేదు. కళ్ళు దించుకుంటే టేబుల్ మీద ఏలకుల మధ్య వెండిరంగు రేకు ముక్క ఒకటి కనిపించింది.

గోరంత ముక్క. బిళ్ళ నొక్కి తీసేసిన బుడగ, చుట్టూ కత్తెరతో కోసిన అంచు. నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి.

పర్సిస్ దాన్ని చేతిలోకి తీసుకుంది. ఆ మూలలు ఆమెకి బాగా తెలుసు. మాస్టారు ఇండియా నుంచి తెచ్చుకున్న షుగర్ బిళ్ళల అట్టలని మంచం మీద కూర్చుని ఒక్కొక్కటే విడిగా కోస్తారు. వేలికి గుచ్చుకోకుండా మూలలు గుండ్రం చేస్తారు. పిప్పరమెంటు రేకు డబ్బాలో నింపి చొక్కా జేబులో పెట్టుకుంటారు. కత్తిరించగా రాలిన తుక్కు మంచం కింద చీపురుతో లాగేది పర్సిసే.

ఆమె గబుక్కున తలెత్తింది.

"నవోమీ, హాస్పిటల్‌కి ఫోన్ చెయ్యి. ఆంటీని ఇవాళ డిశ్చార్జ్ చెయ్యొద్దని చెప్పు."

"ఎందుకు?"

"ఆంటీ ఇంకో మాత్ర వేసుకుంది. గ్లిమిపెరైడ్. అది షుగర్‌ని గట్టిగా దించుతుంది. పెద్దవాళ్ళ ఒంట్లోంచి తొందరగా పోదు, అందుకే గ్లూకోజ్ ఎక్కించినా మళ్ళీ మళ్ళీ పడిపోతోంది. ఇంటికెళ్ళి నిద్రలో పడిపోతే ఎవరికీ తెలియదు. చెయ్యి నవోమీ, నేను మాట్లాడతాను."

నవోమి ఫోన్ తీసుకుని కెన్నీయే నంబరు కలిపాడు. పర్సిస్ వార్డు నర్సుతో మాట్లాడింది. మందు పేరు చెప్పింది, పేషెంట్ మూత్రపిండాలు కొంచెం నెమ్మదిగా పనిచేస్తాయని చెప్పింది. అవతలి నర్సు డాక్టరుని పిలిచింది. డాక్టరు విని, డిశ్చార్జ్ ఆపుతున్నామనీ, రేపటిదాకా గంటగంటకీ షుగర్ చూస్తామనీ చెప్పాడు. ఫోన్ పెట్టేశాక పర్సిస్ కుర్చీలో కూలబడింది. ఒక ప్రాణం దక్కింది అనుకుంది.

నవోమి కూర్చోలేదు. పర్సిస్ చేతిలోని రేకు ముక్క వైపే చూస్తోంది.

"దాని మీద పేరు లేదు కదక్కా."

"ఏంటి?"

"ఆ ముక్క మీద ఒక్క అక్షరం కూడా లేదు. చూడగానే ఏ మాత్రో చెప్పేశావు. ఇక్కడి మందులు సీసాల్లో వస్తాయి, ఇది ఇండియా మాత్ర. నీ దగ్గరిది కాకపోతే నీకెలా తెలిసింది?"

పర్సిస్ నోరు తెరిచింది. కెన్నీ ఆమె వైపు చూశాడు. అతనికి కూడా ఆ గుండ్రటి మూలలు తెలుసు. చెప్పొద్దని కళ్ళతోనే బతిమాలాడు.

"నువ్వే ఇచ్చావు," అంది నవోమి. "నీ మందు పనిచెయ్యలేదని మీ డాక్టర్‌కి తెలియకుండా, ఫైల్లో ఎక్కకుండా ఇండియా మాత్ర చేతిలో పెట్టావు. అవునా?"

గది తలుపు తెరుచుకుంది.

దైవాశీర్వాదం మాస్టారు గడపలో నిలబడ్డారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, జేబులో రేకు డబ్బా ఉబ్బుగా కనిపిస్తోంది. బాపట్లలో హెడ్మాస్టరుగా చేసినన్నాళ్ళూ పిల్లలు అబద్ధమాడితే ఎండలో నిలబెట్టిన మనిషి. ఆయన వచ్చింది చెప్పడానికేనని పర్సిస్ అనుకుంది. ఆయన నోటినుంచే రావాలి, కోడలు నోటినుంచి కాదు. ఒక్క మాట చాలు. ఆమె ఎదురుచూసింది.

ఆయన నవోమిని చూశారు, టేబుల్ మీద పరిచిన వస్తువుల్ని చూశారు, తర్వాత నేల చూపులు చూశారు.

"చెప్పక్కా, నువ్వు ఇచ్చావా లేదా?"

"నేను ఇవ్వలేదు," అంది పర్సిస్.

"మరి ఎవరిచ్చారు?"

పర్సిస్ మామగారి వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది. చూస్తే నవోమికి అర్థమైపోతుంది. తన బతుకుతెరువు మంటగలిసిపోతుంటే కూడా ఈ ఇంటి పరువు చూసుకుంటున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

నవోమి వస్తువులన్నీ సంచిలో వేసుకుంది. పర్సిస్ చేతిలోంచి రేకు ముక్క లాక్కుని అది కూడా వేసుకుంది.

"సోమవారం దాకా ఎందుకు? ఇవాళే మీ డాక్టర్‌కి నేను ఫోన్ చేస్తాను. నీ చేత్తో ఇంకెవరికీ మందు రాయనివ్వకుండా చేస్తాను." గుమ్మం దగ్గర ఆగి మాస్టారి వైపు తిరిగింది. గొంతు తగ్గించింది. "వందనాలు మాస్టారూ. అమ్మ కోసం ప్రార్థన చెయ్యండి."

తలుపు మూసుకుంది. బయట కారు స్టార్టయిన చప్పుడు, తర్వాత అది వీధి మలుపు తిరిగిన చప్పుడు.

"డబ్బా ఇటివ్వండి మామయ్యా," అంది పర్సిస్.

"పర్సీ, నాన్నతో అలా..."

"నువ్వు ఊరుకో కెన్నీ. ఆ పిల్ల నన్ను దొంగని చేసి పోయింది. నువ్వూ నిలబడి చూశావు."

మాస్టారు నెమ్మదిగా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. రాత్రికి రాత్రే పదేళ్ళు పైబడినట్టున్నారు.

"అడిగిందమ్మా ఆవిడే. మీ కోడలు చీటీ రాసిచ్చి ఇన్ని వారాలైంది, షుగరు రెండొందలు దాటే ఉంటోంది మాస్టారూ, మీకెలా దిగింది అని అడిగింది. గుంటూరులో పెద్ద డాక్టరు నాకు రాసినవి కదా, మంచివే కదా అని ఇచ్చాను."

"నెమ్మదిగా దించాలని చెప్పాను కదా మామయ్యా. కొన్ని నెలలు పడుతుందని మీ ముందే చెప్పాను కదా ఆంటీకి."

"చెప్పావు. నువ్వు చెప్పావు గాని..."

"నేను నర్సుని. అనండి."

ఆయన అనలేదు. కాదని కూడా అనలేదు. పర్సిస్‌కి ఆ మౌనం నవోమి అన్న మాటలన్నిటికంటే ఎక్కువ నొప్పి పుట్టించింది. ఈ పెద్దమనిషికి ఇన్నాళ్ళూ కాళ్ళ వాపు చూసింది, కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది, రాగిజావ కాచి చేతికిచ్చింది.

"బడిలో పిల్లలకి జ్వరమొస్తే నేనే బిళ్ళలిచ్చేవాణ్ణమ్మా," అన్నారాయన. "ఏనాడూ ఎవరికీ ఏమీ కాలేదు. ఆ చేతికి దేవుడిచ్చిన హస్తవాసి ఉందనేవాళ్ళు ఊళ్ళో."

"నవోమి అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు మరి?"

"నోరు రాలేదు." ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "నిజంగా రాలేదమ్మా."

కెన్నీ తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. మాస్టారు జేబులోంచి డబ్బా తీసి టేబుల్ మీద పెట్టారు. పర్సిస్ మూత తీసింది. అడుగున ఒకే ఒక్క బిళ్ళ ఉంది.

ఆమె ఆ బిళ్ళని అరచేతిలోకి తీసుకుంది.

"గురువారం మీరు మంచం మీద కూర్చుని కత్తిరిస్తుంటే నేనే కాఫీ తెచ్చిచ్చాను. మూత పట్టలేదు ఆ రోజు. సగం బిళ్ళలు దిండు కింద పెట్టుకున్నారు."

ఆమె డబ్బాని ఆయన ముందుకి జరిపింది.

"అవన్నీ సుమతి ఆంటీకే ఇచ్చారా?"

"లేదమ్మా."

"మరి?"

"నీ దగ్గర షుగర్ చూపించుకుని, కాఫీ తాగి, తర్వాత నా పక్కకి వచ్చి కూర్చునేవాళ్ళు. కోడలు ఇలా చెప్పింది, మీరేమంటారు మాస్టారూ అని." ఆయన చొక్కా ఖాళీ జేబు తడుముకున్నారు. "అడిగినవాళ్ళని కాదనలేకపోయాను."

కెన్నీ చెయ్యి తండ్రి భుజం మీంచి జారిపోయింది.

"ఎవరెవరు? పేర్లు చెప్పండి. మామయ్యా, పేర్లు!"

"శుక్రవారం నుంచి వేసుకోమన్నాను. ఉపవాసంలో ఒళ్ళు తేలికపడుతుంది, మందు బాగా పడుతుందని..."

పర్సిస్ అప్పటికే కారు తాళాల కోసం వెతుకుతోంది. "కెన్నీ, చర్చికి ఫోన్ చెయ్యి. ఇవాళ ప్రార్థన చర్చిలోనే, పొద్దుటి నుంచీ అక్కడే ఉంటారు అందరూ. ఎవరో ఒకరిని పట్టుకో. ఉపవాసం ఆపి పంచదార నీళ్ళు తాగమను."

కెన్నీ ఒక నంబరుకి చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. ఇంకోదానికి చేశాడు. అదీ అంతే.

"ఎవరూ ఎత్తట్లేదు."

"ఎత్తరు," అన్నారు మాస్టారు.

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు.

"ఇవాళ గొలుసు ప్రార్థన, ఒకరి తర్వాత ఒకరు ఆపకుండా సాయంత్రం దాకా. ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బుట్టలో పెట్టి లోపలికి వెళ్ళమని నేనే చెప్పాను." ఆయన లేవబోయి లేవలేక బల్ల అంచు పట్టుకున్నారు. "ఈపాటికి అందరూ మోకాళ్ళ మీద ఉంటారమ్మా. ఎవరూ ఎవరినీ కదిలించరు."